తడ దాటితే ఫార్ములా 4.. అందరివీ ఒకేలాంటి కార్లే, మరి తేడా ఎక్కడ?

తిరుపతి జిల్లా తడ. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆంధ్రాలో చివరి ఊరు అనుకోవచ్చు. చెక్‌పోస్టు దాటితే ఆరంబాక్కం, గుమ్మిడిపూండి.. అంతా తమిళనాడే. ఇటు పక్కనున్న శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతున్నాయి. సత్యవేడు వైపు చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. బండ్లూ ఇక్కడే, టైర్లూ ఇక్కడే. కానీ కారు రేసు చూడాలంటే మాత్రం సరిహద్దు దాటాల్సిందే.

2024లో ఆ సరిహద్దు అవతల ఒక సీజన్ మొత్తం నడిచింది. పేరు ఫార్ములా 4 ఇండియన్ ఛాంపియన్‌షిప్. ఇరుంగాట్టుకోట్టై, చెన్నై, కోయంబత్తూరు.. రౌండ్లన్నీ తమిళనాడులోనే. చివర్లో టైటిల్ కొట్టింది మాత్రం హైదరాబాద్ పేరున్న టీమ్. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున కారు నడిపిన అకిల్ అలీభాయ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ కుర్రాడిది దక్షిణాఫ్రికా.

ఈ రేసుల్లో అందరివీ ఒకేలాంటి కార్లు. మరి అలాంటప్పుడు గెలుపు ఎవరిది? తెలుగు కుర్రాడు ఆ సీట్లో కూర్చోవాలంటే ఏం కావాలి?

అసలు ఈ కారు ఏంటి?

చక్రాలు బయటికి కనిపిస్తూ, ఒక్కరే కూర్చునే కారును ఓపెన్ వీల్ కారు అంటారు. ఫార్ములా వన్ కారుదీ ఇదే ఆకారం. కాకపోతే ఫార్ములా వన్‌లో ఏ కంపెనీ కారు ఆ కంపెనీ సొంతంగా చేసుకుంటుంది. డబ్బు, ఇంజినీర్లు ఎక్కువున్న వాళ్లదే పైచేయి. ఫార్ములా 4లో ఆ గొడవ లేదు. ఇండియన్ ఛాంపియన్‌షిప్‌లో అందరికీ ఫ్రాన్స్‌కు చెందిన మైగాల్ కంపెనీ చాసిస్, ఆల్పైన్ ఇంజిన్. డ్రైవర్ తల చుట్టూ హాలో అనే రక్షణ కడ్డీ కూడా ఉంటుంది. పెద్ద ప్రమాదం జరిగినా తలకు దెబ్బ తగలకుండా కాపాడేది అదే.

ఇంజిన్ విప్పి బలం పెంచుకుందామంటే కుదరదు. అధికారులు సీల్ వేస్తారు, రేసు అయ్యాక బరువు తూస్తారు, కొలతలు తీస్తారు. తేడా వస్తే ఫలితం నుంచి పేరు తీసేస్తారు. టీమ్ చేతిలో మిగిలేవి చిన్న చిన్న సర్దుబాట్లే. రెక్క ఎంత వంపులో ఉండాలి, టైర్లో గాలి ఎంత, కారు నేలకు ఎంత ఎత్తులో ఉండాలి.. ఇలాంటివి. ఇవి చిన్నవే అనిపిస్తాయి కానీ, ల్యాప్‌లో సెకనులో పదో వంతు తేడా వచ్చేది ఇక్కడే. గ్రిడ్‌లో ముందు వరుసకూ మధ్య వరుసకూ మధ్య ఉండే దూరం చాలాసార్లు అంతే.

ఆ తర్వాత అంతా డ్రైవర్ మీదే. బ్రేక్ ఎక్కడ నొక్కాలి, ముందు కారు వెనకాల గాలి తక్కువగా ఉండే చోట దూరి ఎప్పుడు పక్కకు తీయాలి, టైర్లు వేడెక్కే దాకా ఎంత ఓపిక పట్టాలి. రేసు సుమారు అరగంటే. మధ్యలో ఆగి టైర్లు మార్చుకునే పని లేదు. మొదటి మలుపులో పోగొట్టుకున్న స్థానాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి టైమ్ ఉండదు.

ఇంకో విషయం. ఇది సరదా రేసు కాదు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ గుర్తింపు ఉన్న మెట్టు. 15 ఏళ్లు నిండితే నడపొచ్చు. ఫార్ములా వన్ నడపాలంటే సూపర్ లైసెన్స్ కావాలి, దానికి 40 పాయింట్లు పోగేయాలి. ఆ పాయింట్లు దొరకడం మొదలయ్యే తొలి మెట్లలో ఫార్ములా 4 ఒకటి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మన దేశంలో ఎల్‌జీబీ ఫార్ములా 4 అని ఇంకో పోటీ కూడా ఉంది. పేరు ఒకేలా ఉన్నా రెండూ వేరు. అది మారుతి 1300 సీసీ ఇంజిన్‌తో మన దగ్గరే తయారైన కారు, జాతీయ ఛాంపియన్‌షిప్‌లో నడుస్తుంది. ఖర్చు తక్కువ. ఎఫ్ఐఏ మెట్ల వరుసలో అది రాదు.

2024 సీజన్.. వాన, కోర్టు, మధ్యలో కుక్క

సీజన్ ఆగస్టు 24, 25 తేదీల్లో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో మొదలైంది. అక్కడున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 3.717 కిలోమీటర్లు. అసలు హడావుడి ఆ తర్వాతి వారం. చెన్నై నడిబొడ్డున ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ, అన్నా సాలై, శివానంద సాలై, నేపియర్ బ్రిడ్జ్ మీదుగా సుమారు మూడున్నర కిలోమీటర్లు, 19 మలుపులు. రాత్రిపూట, ఫ్లడ్ లైట్ల కింద. దేశంలో రాత్రివేళ వీధుల్లో జరిగిన మొదటి కారు రేసు అదే.

నిజానికి అది 2023 డిసెంబర్‌లోనే జరగాలి. అప్పుడు మిచౌంగ్ తుపాను వచ్చింది. చెన్నైని ముంచేసి, తడ, సూళ్లూరుపేట మీదుగా కోస్తా అంతా కుండపోత కురిపించి, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో పులికాట్ తీరంలో జనానికి రేసు గుర్తుంటుందా! నగరం నీళ్లలో ఉండగా కార్లు తిప్పడమేంటన్న విమర్శ వచ్చింది, రేసు వాయిదా పడింది.

2024 ఆగస్టు 31న కూడా తంతు సాఫీగా సాగలేదు. వాన పడింది. ట్రాక్‌కు ఎఫ్ఐఏ సర్టిఫికెట్ రావడం ఆలస్యమైంది. కేసు మద్రాస్ హైకోర్టులో ఉండటంతో గడువు పొడిగించమని అడగాల్సి వచ్చింది. సర్టిఫికెట్ వచ్చాక గానీ కార్లు కదల్లేదు. మర్నాడు ఒక కుక్క ట్రాక్ మీదికి రావడంతో కాసేపు అంతా ఆగింది. 2011లో గ్రేటర్ నోయిడా ఫార్ములా వన్ ప్రాక్టీస్‌లోనూ కుక్కే వచ్చి ఎర్ర జెండా ఊపించింది. మన వీధి కుక్కలకు ఈ ఆట మీద ఏదో మక్కువ ఉన్నట్టుంది.

ఆ రాత్రి చెన్నైలో గెలిచిన వాళ్లలో ఆస్ట్రేలియా కుర్రాడు హ్యూ బార్టర్ ఉన్నాడు. గాడ్‌స్పీడ్ కొచ్చి టీమ్. అయితే సీజన్ అంటే ఒక రాత్రి కాదు. గెలిచిన రేసుల కంటే చెడిపోయిన రేసులే చాలాసార్లు టైటిల్‌ను తేలుస్తాయి. గోడకు కొట్టుకోకుండా, సున్నా పాయింట్లు తెచ్చుకోకుండా ప్రతి వారాంతం ఎంతో కొంత పోగేసే వాడే చివరికి నిలబడతాడు. వీధి ట్రాక్‌లో ఇది మరీ ఎక్కువ. మామూలు ట్రాక్‌లో తప్పు చేస్తే పక్కన మట్టిలోకి, గడ్డిలోకి వెళ్లి మళ్లీ రావొచ్చు. వీధిలో పక్కనే కాంక్రీట్ గోడ. కారు ముక్కలైతే ఆ వారాంతం అయిపోయినట్టే.

సీజన్ నవంబర్‌లో కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో ముగిసింది. 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, ఓవర్‌టేక్ చేయడం కష్టం. అక్కడితో అలీభాయ్ చేతికి టైటిల్. అంతకు ముందు ఏడాది, 2023లో, ఛాంపియన్ ఆస్ట్రేలియాకు చెందిన కూపర్ వెబ్‌స్టర్. అంటే మొదటి రెండు సీజన్ల టైటిళ్లూ విదేశీ కుర్రాళ్లకే వెళ్లాయి.

కారు అందరికీ ఒకటే కదా, మరి విదేశీ కుర్రాళ్లే ఎందుకు? తేడా కారులో లేదు, కారు ఎక్కక ముందు గడిచిన ఏళ్లలో ఉంది. ఏడెనిమిదేళ్లకే గో కార్టింగ్ మొదలుపెట్టి, పద్నాలుగు పదిహేనేళ్లకల్లా వేల ల్యాప్‌లు తిరిగిన పిల్లలు వాళ్లు. మన దగ్గర ఆ ల్యాప్‌లు ఎక్కడ తిరగాలి? ఎవరి డబ్బుతో?

కరి ఎవరో తెలుసా?

కోయంబత్తూరు ట్రాక్‌కు పెట్టిన పేరు వెనక ఉన్న మనిషి ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడు కుటుంబం ఆయనది. ఎప్పుడో తరాల కిందట వలస వెళ్లి, ఇంట్లో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే కోయంబత్తూరు నాయుళ్ల కుటుంబాల్లో అదొకటి. మన దేశంలో ఒకేలాంటి కార్లతో రేసు అనే ఆలోచనకు బలం ఇచ్చింది ఆయనే.

1980ల్లో మన దగ్గర రేసు అంటే ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చుకోవడమే. డబ్బున్న వాళ్లు విదేశాల నుంచి పాత రేసు కారు దింపుకునేవాళ్లు, లేని వాళ్లు అంబాసిడర్‌నో ఫియట్‌నో విప్పి తేలిక చేసుకునేవాళ్లు. రెండూ ఒకే ట్రాక్ మీద తిరిగితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజిన్ పెట్టి ఒక చిన్న సింగిల్ సీటర్ తయారుచేశారు. అదే ఫార్ములా మారుతి. అదే మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్, ఏ మెకానిక్ షెడ్‌లోనైనా రిపేర్ చేయగలిగింది. కారు అందరికీ ఒకటే, ఖర్చు అందుబాటులో.

దాని ఫలితం పదేళ్లలో కనిపించింది. కోయంబత్తూరు కుర్రాడు నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఫార్ములా మారుతిలోనే. 2005లో ఆయన జోర్డాన్ టీమ్ తరఫున ఫార్ములా వన్ నడిపిన తొలి భారతీయుడయ్యాడు. చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్ 2000లో ఫార్ములా మారుతి గెలిచి, తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్లాడు. ఫార్ములా వన్ రేసుల్లో నడిపిన భారతీయులు ఇద్దరే. ఇద్దరూ ఈ మారుతి ఇంజిన్ మెట్టు ఎక్కి వెళ్లిన వాళ్లే. కరివర్ధన్ మాత్రం ఇదంతా చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు.

తడ వాళ్లకు దగ్గరి కథ ఇంకొకటుంది. చెన్నై వెళ్లే దారిలో రెడ్‌హిల్స్‌కు కాస్త ముందు వచ్చే షోళవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఉండేది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు ఆ రన్‌వే మీదే రేసులు పెట్టింది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచాక షోళవరం పేరు మెల్లగా మరుగున పడింది. ఇప్పుడు ఆ ఊరి మీదుగా రోజూ వెళ్లే లారీ డ్రైవర్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో.

హైదరాబాద్ ఏం చేసింది?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆట రాలేదని కాదు. 2022 నవంబర్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. మొదటి రౌండ్ అనుకున్నట్టు జరగలేదు, ట్రాఫిక్ ఆంక్షల మీద జనం విసుక్కున్నారు. డిసెంబర్‌లో మళ్లీ పెట్టి పూర్తిచేశారు. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ వచ్చింది. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం చుట్టూ 2.8 కిలోమీటర్ల ట్రాక్‌పై ఎలక్ట్రిక్ కార్లు తిరిగాయి, ఫ్రాన్స్ డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో ఏడాది రేసు, ప్రభుత్వం మారాక జనవరిలోనే రద్దయింది.

వీధి రేసుతో వచ్చే చిక్కే ఇది. గోడలు పెడతారు, తీసేస్తారు. పండగలా ఉంటుంది. కానీ పన్నెండేళ్ల పిల్లాడు శనివారం వెళ్లి ప్రాక్టీస్ చేసుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు.

హైదరాబాద్ నుంచి సింగిల్ సీటర్లో పేరు తెచ్చుకున్న వాళ్లు లేరా అంటే, ఉన్నారు. అనిందిత్ రెడ్డి 2016, 2017లో జేకే టైర్ యూరో జేకే టైటిల్ గెలిచాడు. అదీ ఒకేలాంటి కార్ల పోటీయే, పాత ఫార్ములా బీఎండబ్ల్యూ కార్లతో. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ మొదటి జట్టులోనూ ఉన్నాడు.

ఇప్పుడు ఆ టీమ్‌కు యజమాని హీరో నాగచైతన్య. 2024 సెప్టెంబర్‌లో, సీజన్ మధ్యలో కొన్నారు. కార్లంటే ఆయనకు ఎంత పిచ్చో అభిమానులకు చెప్పక్కర్లేదు. జాన్ అబ్రహాం, అర్జున్ కపూర్ కూడా వేరే టీమ్‌లతో ఇదే బాటలో ఉన్నారు. పోటీ నిర్వహించే సంస్థ రేసింగ్ ప్రమోషన్స్‌కు ఛైర్మన్ కూడా తెలుగువాడే, అఖిలేష్ రెడ్డి. అంటే పెట్టుబడిలో తెలుగువాళ్లున్నారు, టీమ్ పేరులో హైదరాబాద్ ఉంది, ట్రోఫీ కూడా వచ్చింది. సీటులో తెలుగు కుర్రాడు కూర్చోవడం ఒక్కటే బాకీ.

తడ నుంచి చూడటానికి వెళ్లాలంటే

మీ ఇంట్లో పిల్లాడికి ఆసక్తి ఉంటే మొదట కార్టింగ్‌లో పెట్టాలి, నేరుగా ఫార్ములా కారు ఎక్కించరు. జాతీయ రేసుల్లో పాల్గొనాలంటే మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ తప్పనిసరి. ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ ఆవరణలోనే కార్టింగ్ ట్రాక్ కూడా ఉంది. తడ నుంచి హైవే మీద రెడ్‌హిల్స్ వైపు వెళ్లి, చెన్నై ఊళ్లోకి దిగకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, పూందమల్లి దగ్గర బెంగళూరు హైవే పట్టుకోవాలి. శ్రీపెరంబుదూరుకు ముందే ట్రాక్ వస్తుంది. ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల ప్రయాణం.