బొంత కదలకుండా

అల్ ఖోబర్ నుంచి మాట్లాడుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే ఇక్కడ రాత్రుళ్ళు చల్లబడతాయి, ఎండాకాలంలోనేమో ఏసీ చలి. అంచేత మా ఇళ్ళల్లో పన్నెండు నెలలూ బొంతకి పనే. ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్న అమ్మ చీరలు నాలుగు పొరలు వేసి కుట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. భయమల్లా ఒకటే. నేతచీర మీద సిల్కుచీర జారుతుంది. మిషను పళ్ళు అడుగు పొరని ముందుకి లాగుతాయి, పై పొర వెనకబడుతుంది, చివరికొచ్చేసరికి మడత పడుతుంది. విప్పి మళ్ళీ కుడదామంటే పాత గుడ్డ సూదిపోట్లకి చిరుగుతుంది. అమ్మ లేని ఇంట్లో ఆ చీర మళ్ళీ దొరకదు కదండీ!

ఈ తంటా ఈనాటిది కాదు. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో, దీని ముచ్చట ఉంది. భిక్షువులు నేలలో అక్కడక్కడ మేకులు పాతి, గుడ్డని వాటికి కట్టి చీవరం కుట్టేవారట. మూలలు వంకరపోయాయి. అప్పుడు బుద్ధుడు ‘కఠినం’ అనే చట్రం, దానికి తాళ్ళు వాడుకోమన్నాడు. గట్టిది అని మనం వాడే మాటే అది. ఎగుడుదిగుడు నేల మీద పరిస్తే చట్రం పాడైంది, అలా పరచవద్దన్నాడు. మట్టి అంటుకుంటోందంటే కింద గడ్డి పరచమన్నాడు. కుట్లు వంకరపోతున్నాయంటే ‘మోఘసుత్తకం’ పెట్టుకోమన్నాడు. మోఘమంటే వ్యర్థం. వట్టి దారం అన్నమాట! వేళ్ళకి సూది గుచ్చుకుంటుంటే వేలితొడుగు కూడా ఒప్పుకున్నాడు. ఒక మతగ్రంథంలో ఇంత దర్జీపని ఉంటుందని నేననుకోలేదు.

ఆ వట్టి దారమేమిటో 5వ శతాబ్దపు బుద్ధఘోషుడి పేరు మీదున్న వ్యాఖ్య చెబుతుంది. వడ్రంగి చెక్క మీద నల్లదారంతో గీత కొట్టినట్టు, గుడ్డ మీద పసుపుదారంతో గుర్తు పెట్టడమట. ఆయనది మన పల్నాటి వైపు కోటనెమలిపురి అని కొందరు పండితులంటారు. అదే నిజమైతే ఆ పసుపుదారం మనకి చుట్టమే.

అరబ్బులకీ ఇందులో వాటా ఉంది. ఇక్కడ దూదిని ‘ఖుతున్’ అంటారు, ఇంగ్లీషు కాటన్ దాన్నుంచే పుట్టింది. క్రూసేడుల కాలంలో యూరపు సైనికులు ఇనపకవచం కింద తొడుక్కున్న దూదిచొక్కా పేరు ఆక్టన్. అదీ ‘అల్ ఖుతున్’ నుంచి వచ్చిందే. దాని మీది నిలువు కుట్లు అందానికి కాదు, దూది కిందికి జారి ఉండకట్టకుండా.

ఇక మన ఇంటి పని. కార్పెట్ మీద పరచకండి, సూది దానికీ దిగుతుంది. టైల్సు నేల మీద అడుగు చీరని బిగుతుగా పరిచి, అంచులకి టేపు అంటించండి. లాగి సాగదీయకూడదు. జారే చీరని రెండు నేతచీరల మధ్యన పెట్టండి. దబ్బనంతో నడిమధ్య మొదలెట్టి నాలుగు వైపులకీ, జానెడుకో వరస చొప్పున టాకాలు వేసుకుంటూ పోండి. అంచుల నుంచి మొదలెడితే ముడతలన్నీ మధ్యలో చిక్కుకుంటాయి. గుండుసూదులు చాలవా అంటారు, చిన్న దిండుగలీబుకైతే చాలు. అసలు కుట్టు పూర్తయ్యేదాకా టాకాలు తీయొద్దు. వాటికి వేరే రంగు దారం పెడితే తీసేటప్పుడు కనబడుతుంది. నేను పసుపు పెడతాను.