నక్షత్రాల నడుమ ధూళి చేతికందిన కథ

పాలపుంతలో అక్కడక్కడ కనిపించే నల్లని మచ్చలను 18వ శతాబ్దం చివర ఖగోళశాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ చుక్కలు లేని ఖాళీలుగానే భావించాడు. దూరపు నక్షత్ర గుచ్ఛాలు తమ పరిమాణాన్ని బట్టి ఉండవలసిన దానికన్నా మసకగా ఉన్నాయని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ కొలిచి చూపిన తరువాతనే, వెలుగును అడ్డుకొనే నక్షత్రాంతర ధూళి, అంటే నక్షత్రాల నడుమ చెదిరివున్న సూక్ష్మ రేణువుల రాశి, ఖగోళశాస్త్రంలో స్థిరపడింది. 1990లో బయలుదేరిన యులిసిస్ అంతరిక్ష నౌక ఆ రేణువులు సౌరకుటుంబంలోకి కూడా ప్రవహిస్తున్నాయని గుర్తించింది.

1999 ఫిబ్రవరి 7న నాసా ప్రయోగించిన స్టార్‌డస్ట్ నౌక ముఖ్యోద్దేశం వైల్డ్ 2 అనే తోకచుక్క ధూళిని తేవడమే అయినా, ధూళిని పట్టే టెన్నిస్ బ్యాట్ ఆకారంలోని దాని పళ్లెం రెండో వైపును 2000, 2002 సంవత్సరాలలో మొత్తం 195 రోజులపాటు నక్షత్రాంతర ప్రవాహానికి ఎదురుగా నిలిపారు. పళ్లెంలో పరిచినది ఎయిరోజెల్. ఇసుకలోని సిలికాతోనే తయారై, 99 శాతానికి పైగా గాలే నిండి, పొగ గడ్డకట్టినట్లు కనిపించే ఈ పదార్థం, సెకనుకు కిలోమీటర్ల వేగంతో దూసుకువచ్చే రేణువును క్రమంగా నెమ్మదింపజేసి తనలో నిలుపుకుంటుంది.

2006 జనవరి 15న పళ్లెం యూటా ఎడారిలో దిగాక అసలు కష్టం మొదలైంది. నక్షత్రాంతర రేణువు ఎయిరోజెల్‌లో వదిలే జాడను అంతకుముందు ఎవరూ చూడలేదు గనుక, దాన్ని వెతకడం కంప్యూటరుకు నేర్పడానికి నమూనా లేదు. అందుచేత బర్క్‌లీలోని శాస్త్రజ్ఞుడు ఆండ్రూ వెస్ట్‌ఫాల్ బృందం ఎయిరోజెల్ చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉంచి సామాన్యుల సాయం కోరింది. ఉపరితలం నుంచి లోతుకు పొరపొరగా తీసిన చిత్రాలను ఒక్కొక్కటే జరుపుతూ పోగా, పైనున్న గీతలు, మరకలు మసకబారిన తరువాత కూడా ఒక చిన్న వలయం మిగిలితే, అది రేణువు దూరిన సొరంగం కావచ్చు. 30 వేలకు మించిన స్వచ్ఛంద సేవకులు ఈ పనిలో కళ్లలో వత్తులు వేసుకుని వెతికారు. జాడను మొదట పట్టినవారికే ఆ రేణువుకు పేరు పెట్టే హక్కు దక్కింది. ఈ మొత్తం ప్రయత్నంలో అన్నిటికన్నా ఎక్కువగా గౌరవించవలసింది వీరి ఓపికనే.

దొరికిన జాడల్లో చాలావరకు నౌక సౌర ఫలకాల నుంచి రాలిన గాజు ముక్కలవేనని తేలింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నక్షత్రాంతర మూలం కలిగివుండే అవకాశంతో మిగిలినవి ఏడు మాత్రమే. వాటిలో ఒరాయన్, హైలాబ్రుక్ అనే రెండింటి ద్రవ్యరాశి మూడు నాలుగు పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతుకు మూడు నాలుగు రెట్లు. రెండింటిలోనూ ఆలివిన్ అనే ఖనిజం కనిపించింది. వాటి పుట్టుక తిరుగులేకుండా తేలాలంటే ఆక్సిజన్ ఐసోటోపుల, అంటే బరువులో భేదించే ఒకే మూలకపు పరమాణువుల, నిష్పత్తి కొలవాలి. ఆ కొలతకు రేణువులో కొంత భాగాన్నైనా అరగదీయక తప్పదు కాబట్టి, శాస్త్రజ్ఞులు వాటిని ఇంకా అభ్యర్థులనే పిలిచారు.