ఐదు జట్లు, పది మ్యాచ్‌లు

1934 నవంబరు 4న మద్రాసు చేపాక్‌లో రంజీ ట్రోఫీ తొలి మ్యాచ్ జరిగింది. మైసూరు 48కి, 59కి ఆలౌటై ఒక్క రోజులోనే మద్రాసు చేతిలో ఓడిపోయింది. నాకౌట్ కదా, ఆ ఏడాదికి దాని ఆట అంతే! మన నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి మనం గెలిచిన పక్షమే.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. దాని తరఫున సీకే నాయుడు 58 ఏళ్ల వయసులో బరిలోకి దిగారు. కొత్త జట్టుకు కావలసింది ఎక్కువ ఆట. నాకౌట్‌లో దొరకనిదే అది.

1957-58లో జోన్ల వారీ లీగ్ వచ్చాకే ఆ కరువు తీరింది. దక్షిణ జోన్‌లో ఆంధ్ర, హైదరాబాద్, మద్రాసు, మైసూరు, కేరళ ఉండేవి. ఆంధ్ర, హైదరాబాద్ అప్పటికి ఒకే రాష్ట్రంలో ఉన్నా రంజీలో తెలుగువాళ్లవి రెండు జట్లు, కనుక లీగ్‌లో ఏటా తలపడక తప్పేది కాదు.

షెడ్యూలు ఎలా వేస్తారో కాగితం మీద చూడండి. ఐదు పేర్లూ ఇదే వరుసలో గుండ్రంగా రాయండి. ఆంధ్రకు విశ్రాంతి ఇస్తే దానికి అటూ ఇటూ ఉన్న హైదరాబాద్, కేరళ ఆడతాయి, మిగిలిన మద్రాసు, మైసూరు ఆడతాయి. తర్వాత విశ్రాంతి హైదరాబాద్‌కు. ఇలా చుట్టూ తిరిగేసరికి పది మ్యాచ్‌లూ అయిపోతాయి. ప్రతి జట్టుకూ సొంతగడ్డ మీద రెండు, బయట రెండు. వరసగా రెండు ప్రయాణాలు ఎవరికీ పడకుండా కూడా వేయొచ్చు.

1985-86లో గోవా చేరి జట్లు ఆరయ్యాయి. సరిసంఖ్య వస్తే లెక్క సుఖమనుకుంటాం గానీ ఇక్కడ అదే చిక్కు. ఒక్కొక్కరికి ఐదు మ్యాచ్‌లైతే మూడు జట్లు సొంతూళ్లో మూడేసి ఆడతాయి, తక్కిన మూడింటికి రెండేసే దక్కుతాయి. మరుసటి ఏడాది వేదికలు తిరగేస్తే గానీ బాకీ తీరదు.

అమెరికా బేస్‌బాల్ వాళ్లదీ ఇలాంటి తలనొప్పే. లీగ్‌లో ఎనిమిది జట్లున్నప్పుడు ఒక్కో ప్రత్యర్థితో 22 చొప్పున 154 ఆటలు ఆడేవారు. 1961లో అమెరికన్ లీగ్ జట్లు పదికి పెరగడంతో తొమ్మిది పద్దెనిమిదులు 162 అయ్యాయి. ఆ ఏడాదే రోజర్ మారిస్ 61 హోమ్‌రన్లు కొట్టి, 1927 నాటి బేబ్ రూత్ 60ని దాటాడు. ఆటలు పెరిగాయి కదా, అది సమానమేనా అని పేచీ మొదలైంది! మారిస్‌కు అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. షెడ్యూలు వేసింది అతను కాదు. 1982 నుంచి 2004 దాకా అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ షెడ్యూళ్లను హెన్రీ, హోలీ స్టీఫెన్‌సన్ అనే దంపతులు తయారుచేసేవారు.

మన దగ్గర 2002-03లో రంజీ జట్లను ఎలైట్, ప్లేట్ అనే రెండు అంచెలుగా విభజించడంతో జోన్ల లీగ్ ముగిసింది.

మైపాడులోనో కోడూరులోనో ఈ సంక్రాంతికి టోర్నీ పెట్టేవారికి ఒక మాట. ఐదు జట్లే వస్తే నాకౌట్ వద్దు. లీగ్ వేయండి, ప్రతి కుర్రాడికీ నాలుగు మ్యాచ్‌లు దక్కుతాయి.