సుంకపు గీత ఎటు చూసింది?

మన చరిత్ర పుస్తకాల్లో సుంకాల కథ మూడు మజిలీల్లో ముగిసిపోతుంది. మోటుపల్లి శాసనం, మచిలీపట్నం రేవు, ఆ తర్వాత ఒక్క గంతులో స్వతంత్ర భారతంలోని కస్టమ్స్ శాఖ. ఖజానా నింపడానికి పుట్టిన వ్యవస్థ కాలక్రమంలో దేశపు ఎల్లలకు కాపలాదారుగా ఎదిగిందన్నది ఆ కథ సారాంశం. దీన్ని ఒప్పుకోవడం కష్టం. ఈ వరసలో పందొమ్మిదో శతాబ్దం దాదాపు మొత్తం జారిపోయింది. ఆ కాలంలో సుంకపు గీత సముద్రపు ఒడ్డు కంటే మన ఊళ్ల నడుమనే ఎక్కువగా ఉండేది. కాపలా పరాయివాళ్ల మీద కాదు, మన రైతు మీద, మన సాలెవాడి మీద.

తొలి దశలు అందరికీ తెలిసినవే. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన శాసనం, తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు బలవంతంగా తీసుకునేవారని చెప్పి, ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిచ్చింది. ఎగుమతి దిగుమతులకు ముప్పయ్యో వంతు సుంకం. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, మిరియాలు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు చెక్కించారు. ఓడ దిగిన వర్తకుడు తానెంత కట్టాలో అధికారిని అడగనక్కర్లేదు, రాయి చూసుకుంటే చాలు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే రేవులో మరో అభయశాసనం వేయించాడు. అయితే దీన్ని స్వేచ్ఛా వాణిజ్యానికి ప్రమాణంగా పొగిడేవారు ఒకటి మరచిపోతున్నారు. ఈ అభయం రేవుకే. లోనాడు దారుల్లో, సంతల్లో సుంకాలు మామూలుగానే వసూలయ్యేవి, వాటిని గుళ్లకు దానమిచ్చిన శాసనాలూ ఎన్నో ఉన్నాయి. ఇక మచిలీపట్నం. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇచ్చాక ఇంగ్లిషువాళ్లు ఏడాదికి 500 వరహాలు చెల్లిస్తే చాలు, రాజ్యం రేవుల్లో వ్యాపారం సాగించుకోవచ్చు. దేశీ వర్తకుడికి దక్కని ఆ వెసులుబాటే ఆ తర్వాతి కథకు బీజం.

అసలు వివాదం 1800 తర్వాతిది. కంపెనీ ఏలుబడిలో లోనాటి సుంకాలను సాయరు అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ఈ సాయరును వేలంలో పాడుకున్న ఇజారాదారులు వసూలు చేసేవారు. పాడిన సొమ్ము రాబట్టుకోవడమే వాళ్ల ధ్యేయం కాబట్టి బండి ఆపడం, మూట విప్పించడం, సుంకం కట్టినట్టు చూపే రవన్నా చీటీలో తప్పు పట్టడం వాళ్లకు ఆదాయ మార్గాలయ్యాయి. ఈ పద్ధతి ఎంత వికటించిందో బెంగాల్ లెక్కలే చెబుతాయి. కంపెనీ అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ నివేదిక ప్రకారం అక్కడ ప్రత్తికి 5 శాతం, అదే నూలైతే 7.5, బట్టయితే 2.5, రంగు వేస్తే మరో 2.5, మొత్తం 17.5 శాతం పడేది. ఓడ దిగిన ఇంగ్లండు బట్ట కట్టింది 2.5 శాతమే. సుంకపు ఠాణా దేశాన్ని కాపాడుతుందన్న మాట ఈ అంకెల ముందు నిలవదు. అది దేశం లోపలి మగ్గానికి అడ్డుగోడగా నిలిచింది.

ఈ సుంకాలు బెంగాల్లో 1836లో, మద్రాసులో 1844 నాటి 6వ చట్టంతో రద్దయ్యాయి. దీన్ని కంపెనీ ఉదారతకు నిదర్శనంగా రాయడం ఆనవాయితీ. చౌకీలు పోయాయన్నది నిజం, దానివల్ల బండ్లు సాఫీగా సాగాయన్నదీ నిజమే. కానీ ఆ నష్టాన్ని పూడ్చింది ఉప్పు. అదే ఏడాది మద్రాసులో ఉప్పు ధర పెంచారు. బొంబాయి వైపు ఉప్పు సుంకం పెంచినప్పుడు సూరత్‌లో జనం వీధుల్లోకి వచ్చారు. వర్తకుడి బండి మీద ఉన్న భారాన్ని కూలివాడి కంచంలోకి దించారన్నమాట. సాలెవాళ్ల మగ్గాల మీద, చేతివృత్తుల మీద ఉన్న మొహతర్ఫా పన్ను మాత్రం దాదాపు మరో పదేళ్లు కొనసాగింది. మద్రాసు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో స్థాపించిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజరులో ఈ మొహతర్ఫానూ, ఉప్పు గుత్తాధిపత్యాన్నీ ఫిర్యాదు చేసింది. సుంకాల చరిత్ర రాసేవాళ్లు ఆ మహజరును ఇప్పటికీ రాజకీయ చరిత్రలోనే ఉంచేస్తున్నారు.

ఇక ఉత్తరాదిన పెరిగిన ముళ్లకంచె. చౌకగా దొరికే ఉప్పు బెంగాల్, ఉత్తర జిల్లాల్లోకి రాకుండా అడ్డుకోవడానికి అంతర్గత కస్టమ్స్ రేఖ గీశారు. 1869 నాటికి అది సింధు నది నుంచి మహానది దాకా 2,300 మైళ్లు సాగింది. దాదాపు 12,000 మంది దానికి కాపలా. చాలా మేర తుమ్మ, వాక, నాగజెముడు, జెముడు కలిపి పెంచిన కంచె, కొన్నిచోట్ల 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం. 1867 నుంచి 1870 దాకా ఆ శాఖకు కమిషనరు, తర్వాత కాంగ్రెసు స్థాపనలో ముందు నిలిచిన ఏ.ఓ. హ్యూమ్. రాయ్ మాక్స్‌హామ్ దీని మీద పుస్తకం రాసేదాకా ఈ కంచె సంగతి చాలామంది చదువరులకు తెలియదు.

కంచె మన జిల్లాల మీదుగా పోలేదు కాబట్టి మనకు సంబంధం లేదనుకోవడం పొరపాటు. 1879 ఏప్రిల్ 1న కంచెను ఎత్తివేయగలిగారంటే, రెండు వైపులా ఉప్పు సుంకాల మధ్య తేడాను దాదాపు చెరిపేశారు గనక. తేడా చెరపడానికి ఉత్తరాన కొంత తగ్గించారు, దక్షిణాన పెంచారు. మద్రాసు, బొంబాయిల్లో మణుగుకు 1 రూపాయి 13 అణాలున్న సుంకం 1877 చివర్లో 2 రూపాయల 8 అణాలయింది. ఆ ఏడాదులే బళ్లారి, కర్నూలు, కడప సీమలను మహా కరువు కబళించినవి. గంజి కేంద్రాల ముందు జనం వరసలు కట్టిన కాలంలో చిటికెడు ఉప్పుకు ఎక్కువ చెల్లించమన్నారు. ఖజానాకు డబ్బు అవసరమైంది, కరువు ఖర్చు కూడా అందులో భాగమే. ఆ వాదన కొట్టిపారేయలేం. అయినా ఉత్తరాది ముళ్లకంచె కూలడానికి ధర చెల్లించింది దక్షిణాది కరువు జిల్లాలన్న మాట ప్రామాణిక గ్రంథాల్లో నాలుగు వాక్యాలకు కూడా నోచుకోలేదు.

1878 నాటి సీ కస్టమ్స్ చట్టంతోనూ, మరుసటి ఏడాది కంచె పోవడంతోనూ సుంకపు గీత ప్రధానంగా తీరానికి చేరింది. తీరానికి చేరినా మన వైపు నిలవలేదు. 1882లో బట్టల దిగుమతి సుంకం ఎత్తేశారు. ఆదాయం కోసం మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు, 1896లో ఇక్కడి మిల్లు బట్ట మీద కూడా 3.5 శాతం ఎక్సైజ్ వేసి లాంకషైర్‌ను సంతృప్తిపరిచారు. దేశీ పరిశ్రమకు రక్షణగా సుంకం వాడటం మొదలైంది 1920ల్లోనే.

తెలంగాణలో అంతర్గత గీత ఇంకా ఆలస్యంగా చెరిగింది. నిజాముకూ కంపెనీకీ మధ్య 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం 5 శాతం సుంకాన్ని ఖాయం చేసింది. నిజాం కరోడ్‌గిరీ శాఖ తన సరిహద్దు నాకాల్లో సరుకును ఆపి సుంకం రాబట్టేది. 1947–48లో ఉద్యమకారులు ఆ నాకాలను తగలబెట్టారంటే, అది కేవలం రాజకీయ చర్య కాదు. పల్లె జనం దైనందిన జీవితంలో రాజ్యం నిలుచున్న చోటది.

1962 కస్టమ్స్ చట్టం తర్వాత గీత ఎల్లల మీదే ఉంది. కానీ అనుమానించే అలవాటు పోలేదు. ఆ చట్టం 123వ సెక్షన్ ప్రకారం దొంగరవాణా సరుకన్న సహేతుక నమ్మకంతో స్వాధీనం చేసుకున్న బంగారం అలాంటిది కాదని నిరూపించుకోవలసినది ప్రధానంగా అది ఉన్నవాడే. 108వ సెక్షన్ కింద అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం సాక్ష్యమవుతుంది. కస్టమ్స్ అధికారి పోలీసు కాడని సుప్రీంకోర్టు చెప్పింది గనక. రేవుల్లో నిజమైన నేరగాళ్లను పట్టడానికి ఈ అధికారాలు కొంత అవసరమే. శేషాచలం, నల్లమల ఎర్రచందనం కంటైనర్లలో దాగి దేశం దాటుతున్నప్పుడు ఏ సుంకం తగ్గింపూ ఉపయోగపడదు. అక్కడ కావలసింది తనిఖీ, నిఘా, 1957 నుంచి ఉన్న రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ (డీఆర్‌ఐ) వంటి విభాగాల పనితనం.

బంగారం సంగతి వేరు. సుంకం ఎగ్గొట్టాలని రాత్రంతా అడ్డదారుల్లో నడిచి, తెల్లారేసరికి సుంకపు పాక ముందే తేలినవాడి కథను మన పెద్దలు ఘట్టకుటీ ప్రభాత న్యాయమన్నారు. ఈ విషయంలో ఆ బాటసారి మన ప్రభుత్వాలే. 1968 బంగారు నియంత్రణ చట్టం స్మగ్లింగును ఆపలేక 1990లో రద్దయింది. 2012 మొదట్లో 2 శాతానికి తెచ్చిన సుంకం 2013 ఆగస్టుకు 10 శాతమైంది, దొంగరవాణా మళ్లీ పెరిగింది. 2022లో 15 శాతానికి చేరి, 2024 జులైలో 6 శాతానికి దిగింది. ఈ నడకలో నలిగింది మామూలు ప్రయాణికుడు. 2016 నాటి బ్యాగేజీ నియమాలు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే మగవాడికి 20 గ్రాముల నగలు అనుమతించి, విలువ 50,000 రూపాయలు దాటకూడదన్నాయి. 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటేసరికి, గల్ఫ్ నుంచి జగిత్యాలకో కోనసీమకో తిరిగొచ్చే కూలికి ఆ విలువలో ఐదు గ్రాములు కూడా రాలేదు. తూకం కాగితం మీద ఉండేది, హక్కు చేతికి అందలేదు.

కస్టమ్స్ శాఖలో వచ్చిన స్వయం మదింపు, కంప్యూటర్ ద్వారా నష్టభయం అంచనా, ఎక్కడో ఉన్న అధికారి ముఖం చూడకుండా పత్రాలు పరిశీలించే పద్ధతి, ఇవన్నీ మంచి మార్పులే. విశాఖ నుంచి రొయ్యలు పంపే చిన్న ఎగుమతిదారుకు ఇవి నిజంగా మేలు చేయాలి. కానీ విమానాశ్రయంలో పట్టుబడిన బంగారు బిస్కెట్లను బల్ల మీద పేర్చి ఫొటో తీయడమే పనితనానికి కొలమానంగా చలామణి అవుతోంది. ఎంత పట్టామన్నది ప్రధానం కాదు. ఎందరు నిర్దోషులను ఎన్ని గంటలు నిలబెట్టాం, అనుమానంతో ఆపిన సరుకులో ఎంత చివరికి సవ్యమైనదని తేలింది, వేసిన సుంకంలో ఎంత అప్పీళ్లలో కొట్టుకుపోయింది, ఈ లెక్కలను ప్రతి కస్టమ్స్ హౌస్ ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఒక శతాబ్దం పాటు సొంత ప్రజల మీదికే తిప్పిన అధికారం ఇది. దాన్ని దేశరక్షణ అనే ఒక్క మాటతో ప్రశ్నలకు అతీతం చేయకూడదు.