గుదభ్రంశం: గోఫణబంధం నుండి లాపరోస్కోపీ దాకా

సుశ్రుత సంహిత అనగానే ముక్కు శస్త్రచికిత్సనూ కంటి శుక్లాన్నీ తలచుకుంటాము. క్షుద్రరోగాల అధ్యాయాన్ని ఓపికగా చదివేవారు తక్కువ. గుదభ్రంశం, అనగా మలాశయం మలద్వారం గుండా వెలికి జారడం, అక్కడే ఉంది. ముక్కడం, అతిసారం, దుర్బలమైన దేహం దీనికి కారణాలని సుశ్రుతుడు చెప్పాడు. జారిన భాగానికి చమురు రాసి, కాపి, లోనికి చేర్చి, నడుమ రంధ్రమున్న తోలుతో గోఫణబంధం కట్టమన్నాడు.

ఆధునిక శస్త్రచికిత్స తొలి పద్ధతుల్లోనూ కట్టు ఒకటి. 1891లో జర్మన్ వైద్యుడు టీర్ష్ మలద్వారం చుట్టూ చర్మం కింద వెండి తీగ బిగించాడు. 1900లో ఫ్రెంచి సైనిక వైద్యుడు డెలోర్మ్ జారిన భాగపు లోపలి పొరను ఒలిచి, కండరాన్ని మడతలుగా కుట్టాడు. దోషం పైన, కటికుహరంలో ఉందన్న అవగాహన బలపడ్డాక, పొట్ట తెరచి మలాశయాన్ని త్రికాస్థికి బిగించే పద్ధతులు వచ్చాయి.

వృద్ధులకు చిక్కు ఇక్కడే వచ్చింది. పొట్ట తెరిస్తే జబ్బు తిరగబెట్టడం తక్కువ, కాని ఆ గాయాన్ని ముసలి దేహం ఓర్వలేదు. కింది నుండి చేస్తే దేహం ఓర్చుకుంటుంది, కాని జబ్బు మళ్ళీ రావచ్చు. అందుచేత వయసే పద్ధతిని నిర్ణయించేది.

1990లలో లాపరోస్కోపీ ఈ గీతను చెరిపింది. 2004లో బెల్జియంలోని లూవెన్‌కు చెందిన డోర్, మలాశయపు ముందు భాగాన్ని మాత్రమే విడదీసి, వలతో త్రికాస్థికి కట్టే పద్ధతిని ప్రకటించాడు. వెనుకనున్న నాడులు దెబ్బతినవు గనుక మలబద్ధకం బాధ తగ్గుతుంది. అయితే దీనికి పూర్తి మత్తు కావాలి, పొట్టలో వాయువు నింపాలి, తల కిందికి వంచాలి. గుండె, ఊపిరితిత్తులు అందుకు తాళాలి. 2013లో వెలువడిన ప్రాస్పర్ అధ్యయనం కూడా ఏ శస్త్రచికిత్సకూ స్పష్టమైన పైచేయి ఇవ్వలేదు.

సుశ్రుతుడు దీనిని క్షుద్రరోగమన్నా, గుడికీ పెళ్ళికీ వెళ్ళడం మానుకున్న ముసలమ్మకు ఇది క్షుద్రం కాదు. బతా వీధుల నుండి ఫోను చేసే కొడుకుకు ఆమె షుగరు గురించి చెబుతుంది, మోకాళ్ళ నొప్పి చెబుతుంది, ఇది మాత్రం చెప్పదు. అడిగితే మొలలంటుంది, మొలల మందుతోనే ఏళ్ళు గడుపుతుంది. ఎనభై దాటినంత మాత్రాన దారి మూసుకుపోదు. లాపరోస్కోపీకి దేహం తాళకపోతే, వెన్నుకు మత్తునిచ్చి కింది నుండి చేసే డెలోర్మ్ పద్ధతి నేటికీ ఉంది. ముందుగా ఎవరో ఒకరు ఆమెను పరీక్షకు తీసుకువెళ్ళాలి.