గండిలో గుడి దాటి నాలుగడుగులు

కడప జిల్లాలో లోయ చూడాలని వచ్చేవాళ్లు నేరుగా గండికోటకు పోతారు. తప్పులేదు, పెన్న అక్కడ చేసిన పని అలాంటిది. మా వేంపల్లె పక్కన పాపాఘ్ని కొండల్ని కోసుకుని వచ్చే గండి మాత్రం జిల్లా దాటితే చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లకైనా గండి అంటే వీరాంజనేయస్వామి గుడే. శనివారం ఆటో దిగుతారు, టెంకాయ కొడతారు, ప్రసాదం తీసుకుని మళ్లీ ఎక్కేస్తారు. ఆ గుడి దాటాక, రెండు కొండచరియల నడుమ, ఏటి వెంబడి గంటసేపు నడవగల దారి ఉంది. మా ఊరి చరిత్ర చెప్పమంటే నేను ఆ దారి నుంచే మొదలుపెడతాను.

పాపాఘ్ని కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. వెలిగల్లు ప్రాజెక్టు దాటి, చక్రాయపేట మీదుగా వచ్చి, ఇక్కడ కొండల వరుసను అడ్డంగా దాటి వేంపల్లె మైదానంలో పడుతుంది. అక్కణ్ణుంచి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. శేషాచలం, పాలకొండలు అని మనం పిలుచుకునే గట్టు అది. అంత గట్టును చుట్టుకుని పోకుండా ఏరు నట్టనడుమ నుంచి ఎలా దూరిందన్నది చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఇలాంటి గండ్ల గురించి భూగోళ శాస్త్రం ఇచ్చే జవాబు తేలికైనదే: ఏరు ముందు నుంచీ ఆ దారినే పారుతోంది. అటూ ఇటూ మెత్తటి రాయి అరిగి నేల దిగిపోయింది, గట్టి రాయి కొండగా మిగిలింది. ఏరు తన దారి వదలకుండా ఆ రాతిని కోసుకుంటూ కిందికి దిగింది.

ఏట్లోకి దిగి నీళ్లకు ఎదురు, అంటే చక్రాయపేట వైపు నడవాలి. వానలు వెనకపట్టాక నీళ్లు ఒక పక్కకు సన్నగా పారుతుంటాయి, ఎండలు ముదిరితే అవీ ఉండవు. అప్పుడు ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చెలమ ఊరుతుంది. మొదట బురద, రెండుసార్లు తోడి పారబోస్తే తేట నీళ్లు. పశువుల కాపర్లు తాగే నీళ్లు అవే.

చరియ దగ్గరికి వెళ్లి రాతిని చూడండి. పరుపులు పరుపులుగా పేర్చినట్టుండే ఈ బండలన్నీ వేంపల్లె వైపు కొద్దిగా వాలి ఉంటాయి. కొన్ని పలకల మీద వరసగా గీతలు కనిపిస్తాయి. వేళ్లతో తడిమితే గట్టూ పల్లమూ తెలుస్తాయి. ఒకప్పుడు ఇక్కడ లోతులేని నీళ్లు కదలాడితే, అడుగున ఇసుక మీద పడ్డ అలల గుర్తులవి. ఆ ఇసుకే బిగిసి ఈ రాయి అయింది. దీని వయసు 190 కోట్ల ఏళ్లకు పైబడే ఉంటుందని లెక్క. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అన్నిటికన్నా అడుగున ఉన్న రాళ్ల జట్టుకు మా ఏటి పేరే పెట్టాడు, పాపాఘ్ని అని. అందులో కింది పొర గుల్చేరు, పైపొర వేంపల్లె. గుల్చేరు ఎక్కడిదని వెతకనక్కర్లేదు. రాయచోటి ఘాట్‌లో బస్సు ఆపి పాలకోవా కొనుక్కుంటామే, ఆ గువ్వలచెరువే దొర రాతలో అలా అయింది. గండి చరియలు గుల్చేరు రాయి. వేంపల్లె పొర సున్నపు జాతి రాయి, తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నది ఆ పొరలోనే.

పరుపులు వేంపల్లె వైపు వాలి ఉన్నాయి కాబట్టి, ఎదురు నడిచేకొద్దీ మనం ఇంకా పాత పొరల్లోకి పోతుంటాం. చివర కొండ పాదం దగ్గర ఇసుకరాయి మారి, గుప్పిట్లో పట్టేంత తెల్లటి గులకరాళ్లు ఇరుక్కున్న ముతక బండ వస్తుంది. దాని కింద ఇక పరుపులుండవు, చక్రాయపేట పక్క పొలాల్లో కనిపించే గుండ్ల జాతి రాయే. ఆ రెంటి నడుమ కోట్లాది ఏళ్ల కాలం ఖాళీగా ఉంది. ఆ కాలపు పరుపు ఏదీ ఇక్కడ మిగల్లేదు. ఈ తేడా బండల్లోనే కాదు, సేద్యంలోనూ కనిపిస్తుంది. గండికి ఇవతల చీనీ తోటలు, అరటి. అవతల ఎర్రనేల, శనక్కాయ.

ఇక పురాణం. వాయుదేవుడు ఇక్కడ తపస్సు చేస్తుంటే రాముడు ఈ దారిన వచ్చాడట, తిరుగు ప్రయాణంలో ఆగి ఆతిథ్యం తీసుకుంటానన్నాడట. ఆయనకు స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండలకూ బంగారు తోరణం కట్టాడు. తిరిగి వచ్చిన రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీసి, ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటి పూర్తికాకముందే బయలుదేరాడు. కృష్ణదేవరాయల కాలపు వ్యాసరాయలు ఆ వేలిని చెక్కబోతే నెత్తురు వచ్చిందనీ, అందుకే అలా వదిలేశాడనీ చెప్తారు.

ఆ తోరణం ఇప్పటికీ ఉందనీ, పుణ్యాత్ములకు, అదీ చావు దగ్గరపడ్డప్పుడే కనిపిస్తుందనీ నమ్మకం. అది చూసిన మనిషిగా మా వాళ్లు చెప్పే పేరు ఒక తెల్లదొరది, థామస్ మన్రో. నైజాం వదులుకున్న దత్త మండలాలకు 1800లో కలెక్టరుగా వచ్చి, పాలెగాళ్లను అణిచి, రైతు పేరనే పట్టా రాసే రైతువారీ పద్ధతిని నిలబెట్టినవాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. గండిలో గుర్రం మీద పోతూ తలెత్తి, కొండల మీద ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. పక్కనున్నవాళ్లు బిత్తరపోయారట. ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు ఈ సీమను కడసారి చూడాలని వచ్చిన మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.

దొర చూసింది ఏమిటని నన్నడిగితే, పొద్దుగూకే వేళ కింద నీడ కమ్మినా పైన చరియ అంచు మాత్రం పచ్చగా మెరుస్తుందని చెప్తాను, అంతే. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది, దేవుడి తోరణం కనపడే యోగ్యత ఉందని రైతులు ఎంచుకున్నది పన్ను వసూలు చేసినవాణ్ణి. బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేరు పెట్టుకున్న సీమ ఇది. పన్నులు వేసినవాళ్లు ఎందరో వచ్చారు, పోయారు. ఇంకెవరికీ ఈ మర్యాద దక్కలేదు.

ఏరు ఎప్పుడూ ఎండిపోయి ఉంటుందని చులకన చేయకండి. 2021 నవంబరు వానలకు ఇదే పాపాఘ్ని కమలాపురం దగ్గర వంతెనను కూల్చి కడప దారి తెంచింది. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే వచ్చి పడొచ్చు. రాయచోటి దిక్కున మబ్బు పట్టి ఉంటే ఏట్లోకి దిగొద్దు.

శ్రావణ మాసం శనివారాల్లో జాతర జనం. అవి స్వామి కోసం రావాల్సిన రోజులు, లోయ కోసం కాదు. నడకకు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మేలు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలకైతే ఇది ఇంటి పక్కనే, సాయంత్రం వచ్చి చీకటి పడేలోగా తిరిగి పోవచ్చు. దర్శనమయ్యాక ఇంకో గంట ఉంచుకుని ఏట్లోకి దిగండి. తెచ్చుకున్న నీళ్ల సీసాలు తిరిగి పట్టుకుపోండి. అలల గుర్తులున్న పలకల మీద మాత్రం దయచేసి రంగుతో పేర్లు రాయొద్దు.