మెదక్ చర్చి - కూలి గింజలు

మెదక్ చర్చి ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లేగా, వీకెండ్ లో కార్లేసుకుని వెళ్ళొచ్చినవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మొన్న లంచ్ లో అలాంటి ఫోటోలే చూస్తుంటే ఒకాయన, "కరువులో అన్నం పెట్టి మతం మార్చారు, అంతేగా దీని కథ" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేనేమీ అనలేదు (సమయానికి మాట తోచకపోవడం నాకు అలవాటే). కానీ ఆ మాట రెండ్రోజులు బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఈ కథలో పాస్టరు పేరు చార్లెస్ వాకర్ పోస్నెట్. 1895 లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పని మొదలుపెట్టాడు. అది నచ్చలేదో ఏమో, రెండేళ్ళు తిరక్కుండానే మెదక్ చేరాడు. అప్పటి మెదక్ అంటే నిజాం రాజ్యంలో మారుమూల. అంతెందుకు, మెదక్ పట్నానికి రైలు వచ్చిందే 2022 లో! ఆన్‌సైట్ లో రెండేళ్ళుంటేనే ఆవకాయ మీద బెంగ పెట్టుకుంటాం మనం, ఆయన నలభై ఏళ్ళు ఇక్కడే ఉండిపోయాడు :). ఆయన సోదరి ఎమిలీ కూడా ఇక్కడికే వచ్చి ఆడవాళ్ళ మధ్య పనిచేసింది.

చర్చి పని 1914 లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం, కరువు, 1918 ఇన్‌ఫ్లుయెంజా.. అన్నీ ఆ పదేళ్ళలోనే పడ్డాయి. పని చేసినవాళ్ళకి తిండి గింజలు. ఊరికే పంచిపెడితే పుచ్చుకునేవాడికి చిన్నతనంగా ఉంటుందని, అందుకే పని కల్పించాడని అంటారు. 1924 డిసెంబర్ 25 న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గంట గోపురం, ఖర్చు 14 లక్షలు అని చెప్తారు. చార్మినార్ కన్నా ఎత్తు కడుతున్నారని నిజాంకి కోపమొచ్చిందని కూడా ఒక కథ ఉంది, నమ్మాలో వద్దో మీ ఇష్టం.

మూడు రంగుటద్దాల కిటికీలు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. 1927 లో ఒకటి, 1947 లో ఒకటి, 1958 లో ఒకటి పెట్టారు. (చూడాలంటే చీకటి పడకముందే వెళ్ళండి, బయటి వెలుతురు లేకపోతే ఏమీ కనపడదు.) ఆర్కిటెక్ట్ పేరు తెలుసు, చిత్రకారుడి పేరు తెలుసు. పదేళ్ళు రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు. అన్నం కోసం మతం మార్చుకున్నారు అన్నప్పుడు మనం మాట్లాడుతున్నది వాళ్ళ గురించే. పొద్దుటినుంచి రాయి మోసి గింజలు తీసుకెళ్ళినవాడిది కూలి. దాన్ని లంచం అంటే ఎలా?

అసలు ఈ కరువు పనుల కథ మెదక్ కన్నా నలభై ఏళ్ళ ముందే ఒంగోలులో నడిచింది. మనవైపు బాప్టిస్టు, మెథడిస్టు అంతా ఒకటే అనుకుంటారు గానీ పోస్నెట్ మెథడిస్టు. ఒంగోలు ఆయన, జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు. మన జాతివాడే, పాస్టరు కాకముందు సర్వేయరు! 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, ఊళ్ళనుంచి వచ్చిన మాదిగ కుటుంబాలకి పనిచ్చాడు.

బాప్టిస్టుల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, తెలిసి అడిగినవాళ్ళకే నీళ్ళలో ముంచి ఇస్తారు. అంటే లంచ్ బాక్స్ ముందు మా ఒకాయన లేవదీసిన ప్రశ్న క్లౌకి ముందే ఎదురైందన్నమాట. ఆయన ఏం చేశాడో చూడండి. కరువు సాయం తన చేతిలో ఉన్నంతకాలం, పదిహేను నెలలపాటు, అడిగినవాళ్ళకి కూడా బాప్తిస్మం ఆపేశాడు. కాలువ పని అయిపోయింది, ఇక పంచడానికి గింజ లేదు. అప్పుడూ జనం తగ్గలేదు. 1878 జులై 3 న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది. ముంచింది క్లౌ కాదు, తెలుగు బోధకులే, ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని.

మరి అన్నం లేనప్పుడు దేనికొచ్చారు? అన్నం తిన్నవాళ్ళు కృతజ్ఞతతో వచ్చారని మీరనొచ్చు, కాదనను. అంతకన్నా, అంతవరకు పేరు పెట్టి పిలిచినవాడు లేని జనానికి పక్కన కూచోబెట్టుకుని అక్షరం చెప్పినవాడు దొరికాడు. క్లౌకన్నా ముందే ఆ ఊళ్ళల్లో తిరిగి కబురు మోసింది ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి. ఆయన పేరు మన పాఠాల్లో నేనెప్పుడూ చదవలేదు.

1947 లో మెథడిస్టులు, ఆంగ్లికన్లు వగైరా కలిసి సీఎస్‌ఐ అయ్యారు, మెదక్ చర్చి ఆ డయోసిస్ కి పీఠమైంది. ఒంగోలు బాప్టిస్టులు అందులో కలవలేదు. కానీ మూడేళ్ళ తర్వాత వచ్చిన దెబ్బ ఇద్దరికీ ఒకటే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు ఎస్సీ జాబితాలో లేకుండా పోయారు. 1956 లో సిక్కుల్ని, 1990 లో బౌద్ధుల్ని కలిపారు, వీళ్ళని కలపలేదు. 1970 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-సి అని పెట్టి ఒక శాతం ఇచ్చింది. లాభం కోసం మారారనేవాళ్ళు ఈ శాతాన్ని ఎస్సీలకిచ్చే 15 శాతం పక్కన పెట్టి చూడాలి. మా ఒకాయనకి ఇదంతా రేపు లంచ్ లో చెప్తాను, మాట తోస్తే.